లాగులో దొరకనిది

ముందుగా ఒక మనవి. ఇక్కడ లాగు అంటే చిన్నప్పుడు మనం వేసుకున్న లాగు కాదు, లాగ్ ఫైలు. ఇరవయ్యేళ్ళుగా ఈ ఉద్యోగంలో ఉన్నా ఆ మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చేది జారిపోయే ఖాకీ నిక్కరే. ఏం చేస్తాం, భీమిలి మునిసిపల్ స్కూలు చదువు మరి.

మొన్న ఆదివారం మా పక్కింటి కుర్రాడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. సంగివలస వైపు ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ చివరి సంవత్సరం. 2020లో లాక్‌డౌన్ పుణ్యమా అని నేను హైదరాబాదు ఖాళీ చేసి మా ఊరు వచ్చేశాక, వీధిలో నాకు 'చిప్పుల ఉద్యోగం మావయ్య' అని పేరు పడిపోయింది. చిప్పులంటే ఆలూ చిప్స్ అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అది వేరే సంగతి. వీడి ప్రాజెక్టు రింగ్ ఆసిలేటర్. గూగుల్, స్కైవాటర్ కలిసి 2020లో అందరికీ వదిలేసిన 130 నానోమీటర్ల పీడీకే, ఎన్‌జీస్పైస్ సిమ్యులేటర్, రెండూ ఉచితమే. మా రోజుల్లో ఇలాంటివి కాలేజీ పిల్లలు కలలో కూడా చూడలేదు.

"మావయ్యా, లాగుల్లోంచి కొలతలు తియ్యడానికి స్క్రిప్టు కావాలి కదా, ఏఐ చేత రాయించీసాను. బానే పనిచేస్తంది. కాపోతే నలభై అయిదు రన్నులేస్తే టేబుల్లో నలభై మూడే వస్తన్నాయి. రెండే కదా, ఒగ్గేద్దునా?"

స్క్రిప్టు తెరిచి చూశాను. పైథాన్‌లో ముచ్చటగా రాసుంది, మధ్యలో కామెంట్లు కూడా. ఒక చోట, చదివింది నంబరుగా మార్చడానికి కుదరకపోతే 'కంటిన్యూ' అని ఉంది. అంటే నోరు మూసుకుని తర్వాతి ఫైలుకి పొమ్మని. నాకు నవ్వొచ్చింది, వెంటనే కొంచెం సిగ్గు కూడా వేసింది. ఎందుకంటే సరిగ్గా ఇదే లైను నేను 2008లో పెర్ల్‌లో రాశాను. దాని వల్ల ఏం జరిగిందో ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆ రోజు వాడికి చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్తాను.

జావా వైపు, క్లౌడు వైపు ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. చిప్పు తయారీకి పంపేముందు సర్క్యూట్‌ని కంప్యూటర్లో నడిపి చూస్తాం. దానికి వాడేది స్పైస్, లేదా దాని పిల్లలు, మనవలు. ఈ వంశానికి మూలపురుషుడు బర్కిలీలో పుట్టాడు. రోనాల్డ్ రోరర్ అనే ప్రొఫెసర్ క్లాసులో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ప్రోగ్రాం అది. దాని మొదటి పేరు 'క్యాన్సర్'. నిజమండీ, 'రేడియేషన్ మినహా' అనే మాట ఆ పేరులో కలిసి ఉంది. ఆ రోజుల్లో రక్షణ శాఖ డబ్బుతో రాసిన సిమ్యులేటర్లలో అణు రేడియేషన్ తట్టుకుంటుందా లేదా అనే లెక్కలుండేవి, మాకవి వద్దు అని చెప్పడం అన్నమాట. తర్వాత లారెన్స్ నేగెల్ అనే విద్యార్థి, డొనాల్డ్ పెడర్సన్ అనే గురువుగారి దగ్గర దాన్ని తిరగరాసి 1973లో స్పైస్ పేరుతో బయటపెట్టాడు. 1975లో రెండో వెర్షన్. అందరికీ ఇచ్చేయాలని పెడర్సన్ పట్టుబట్టడం వల్లే అది ఊరూరా పాకింది. మా కుర్రాడు వాడుతున్న ఎన్‌జీస్పైస్ కూడా బర్కిలీ మూడో వెర్షన్‌కి వారసుడే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ కాలంలో ఇన్‌పుట్ పంచ్ కార్డుల కట్ట, అవుట్‌పుట్ లైన్ ప్రింటర్ కాగితం. ఇప్పటికీ మేము ఇన్‌పుట్ ఫైలుని 'డెక్' అనే అంటాం, కార్డులు పోయి ఎన్నేళ్ళైనా సరే. అవుట్‌పుట్ మనిషి కూర్చుని కంటితో చదువుకోడానికి పుట్టింది, మెషీన్ చదవడానికి కాదు. అందుకే ఈ ఫీల్డులో ప్రతి ఇంజనీరూ ఎప్పుడో ఒకప్పుడు లాగు చదివే స్క్రిప్టు ఒకటి సొంతంగా రాస్తాడు. పచ్చళ్ళలాగా ఎవరింటిది వాళ్ళదే, ఎవరిది వాళ్ళకే బాగుంటుంది.

స్పైస్‌లో 'మెజర్' అని ఒక ఆదేశం ఉంటుంది. 'ఇన్‌పుట్ సగం వోల్టేజీ దాటిన క్షణం నుంచి అవుట్‌పుట్ సగం దాటే క్షణం దాకా ఎంత టైము పట్టిందో కొలిచి చెప్పు' అని అడుగుతాం. సిమ్యులేటర్ ఆ నంబరు లాగులో రాస్తుంది. అయితే ఒక్కసారి కొలిస్తే చాలదు. ఒకే పిండితో పోసినా దోశలు అన్నీ ఒకలా రావు కదా, ట్రాన్సిస్టర్లూ అంతే. ఎన్‌మాస్, పీమాస్ రెండూ మామూలుగా ఉన్నప్పుడు, రెండూ నెమ్మదిగా ఉన్నప్పుడు, రెండూ చురుగ్గా ఉన్నప్పుడు, ఒకటి నెమ్మది ఒకటి చురుకు, ఆపైన దానికి తిరగేసినది, మొత్తం అయిదు రకాలు. వోల్టేజీలు మూడు. ఉష్ణోగ్రతలు మూడు, మైనస్ 40, గది వేడి, 125 డిగ్రీలు. అయిదు మూళ్ళు పదిహేను, పదిహేను మూళ్ళు నలభై అయిదు. వీటిని కార్నర్లంటాం. ఒక్కో సర్క్యూట్‌కి ఇరవై కొలతలుంటే 900 నంబర్లు. అలాంటి సర్క్యూట్లు ఒక ముప్ఫై ఉంటే 27,000. ఇవన్నీ కంటితో చూడాలంటే కళ్ళజోడు నంబరు పెరగడం తప్ప ఇంకేం జరగదు.

2008లో నేను హైదరాబాదులో మాదాపూర్ వైపు ఒక కంపెనీలో చేసేవాణ్ణి. పేరు అనవసరం. అప్పట్లో హైదరాబాదు దగ్గర ఫ్యాబ్ సిటీ వచ్చేస్తోందని 2006 నుంచీ ఒకటే ఊదర, చిప్పులు మన పెరట్లోనే కాస్తాయని మేమంతా నమ్మేశాం. ఆ ఉత్సాహంలో ఒక శనివారం ఆదివారం కూర్చుని పెర్ల్‌లో ఒక స్క్రిప్టు రాశాను. లాగుల ఫోల్డరు చూపిస్తే చాలు, అన్ని కొలతలూ ఏరి, కనిష్ఠం, గరిష్ఠం తీసి, లిమిట్ లోపలుంటే పచ్చ, దాటితే ఎరుపు రంగు వేసి ఎక్సెల్ షీటు ఇచ్చేది. లాగులోంచి లాగేది కాబట్టి దానికి 'లాగుడు' అని పేరు పెట్టాను. తెలుగు రాని టీం మేట్లు కూడా 'లగూడ్, లగూడ్' అంటూ వాడేవాళ్ళు. రెండు రోజులు పట్టే పని పది నిమిషాల్లో అయిపోయేది. ఆ ఏడాది నాకు చిన్న అవార్డు కూడా ఇచ్చారు. అద్దాల ముక్క, మీద నా పేరులో స్పెల్లింగ్ తప్పుతో.

మా టీంలో కాంట్రాక్టు మీద ఒక అమ్మాయి పనిచేసేది. విజయనగరం వైపు నుంచి వచ్చింది. మా జిల్లాల యాస వినగానే మా ఇద్దరికీ బంధుత్వం కుదిరిపోయింది. అన్నయ్యా అనేది. సిమ్యులేషన్లు గ్రిడ్డులో వేయడం, లాగుడు నడపడం, టేబుళ్ళు డిజైనర్లకి పంపడం ఆమె పని. టేపవుట్‌కి రెండు వారాల ముందు ఒక సాయంత్రం నా సీటు దగ్గరకొచ్చి అడిగింది.

"అన్నయ్యా, లెవెల్ షిఫ్టర్‌కి నలభై అయిదు కార్నర్లు వేశాను. టేబుల్లో నలభై నాలుగే ఉన్నాయేంటి?"

నేను మానిటర్ మీంచి కళ్ళు తిప్పలేదు. "గ్రిడ్డులో ఏదో జాబ్ చచ్చిపోయుంటుందిలే. మిగతావన్నీ పచ్చగానే ఉన్నాయిగా, పంపించెయ్" అన్నాను.

"మళ్ళీ వెయ్యమంటావా?"

"లైసెన్సులు దొరకవు ఈ వారం. పర్లేదు."

పంపించేసింది. ఆ 'పర్లేదు' అన్న మాట నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

లెవెల్ షిఫ్టర్ అంటే చిప్పు లోపల తక్కువ వోల్టేజీలో నడిచే భాగం నుంచి ఎక్కువ వోల్టేజీ భాగానికి సిగ్నల్ ఎక్కించే చిన్న సర్క్యూట్. కింద రెండు ఎన్‌మాస్‌లు, పైన ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునే రెండు పీమాస్‌లు. తాడు లాగుడు ఆటే అనుకోండి. కిందివాడు పైవాణ్ణి లాగి పడేస్తేనే అవుట్‌పుట్ తిరుగుతుంది. ఎన్‌మాస్ నెమ్మది, పీమాస్ చురుకు అయిన కార్నరులో, లోపలి వోల్టేజీ తగ్గి, పైగా మైనస్ 40 చలి తోడైతే కిందివాడికి బలం చాలదు. తాడు కదలదు. ఇప్పుడు డిలే ఎంత? అవుట్‌పుట్ అసలు తిరగనేలేదు, ఇంకెక్కడి డిలే!

సిమ్యులేటర్ ఏమీ అబద్ధం చెప్పలేదు. కొలత పేరు పక్కన నంబరు ఉండాల్సిన చోట 'ఫెయిల్డ్' అని స్పష్టంగా రాసింది. నా లాగుడు ఆ లైను చూసి, ఇది నంబరు కాదే అనుకుని, తర్వాతి లైనుకి పోయింది. పోమని చెప్పింది నేనే. మిగిలిన నలభై నాలుగింటిలో గరిష్ఠం 1.9 నానోసెకన్లు, లిమిట్ 3. పచ్చ రంగు. దారుణం ఏంటంటే, అన్నిటికన్నా చెడ్డగా ఉన్న కార్నరే లెక్కలోంచి మాయమైంది. తప్పేలా ఉన్న పిల్లల్ని పరీక్షకి పంపకుండా ఆపేసి, నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని ఫ్లెక్సీ కట్టుకునే కాలేజీ చేసేదీ ఇదే కదా.

2009లో చిప్పులు వచ్చాయి. టెస్టింగ్ కోసం కావాలని వంకరగా చేయించిన కార్నర్ వేఫర్లు కూడా వచ్చాయి. వాటిని చలి పెట్టెలో పెట్టి మైనస్ 40కి దించితే కొన్నింటిలో అవుట్‌పుట్‌లు లేవలేదు. పది రోజులు తలలు బద్దలు కొట్టుకుని లెవెల్ షిఫ్టర్ దగ్గర ఆగారు. డిజైన్ దిద్ది మాస్కులు మళ్ళీ చేయించాల్సి వచ్చింది. నెలల ఆలస్యం. ఇక మీటింగు పెట్టారు.

మీటింగులో ప్రొజెక్టర్ మీద ఆ టేబుల్ వేశారు. కింద పంపినవారు అని ఆమె పేరు. "నలభై నాలుగు వరసలుంటే చూసుకోలేదా? లెక్కపెట్టడం కూడా రాదా?" అని పెద్దాయన అడిగాడు. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను లాప్‌టాప్‌లోకి చూశాను. తెర మీద ఏముందో కూడా గుర్తులేదు, ఊరికే చూశానంతే. 'అన్నయ్యని అడిగాను' అని ఆమె ఒక్క మాట అనొచ్చు. అనలేదు. "చూసుకోవాల్సిందండీ" అంది.

ఆ రాత్రి ఆఫీసులో ఎవరూ లేనప్పుడు స్క్రిప్టు తెరిచి ఆ లైను దిద్దాను. అరనిమిషం పని. వెర్షన్ కంట్రోల్‌లో కామెంటు ఏం రాశానో తెలుసా? 'చిన్న సవరణ' అని రాశాను. నా స్క్రిప్టే ఆ ఫెయిల్డ్‌ని మింగిందని ఎవరికీ చెప్పలేదు. మరో రెండు నెలలకి ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం అదే అని ఎవరూ అనలేదు, రిసెషన్ అన్నారు. 2009లో ఏది అడిగినా రిసెషన్ అనేవాళ్ళు, నాకూ ఆ మాట హాయిగానే ఉండింది. నమ్మేశాను, నమ్మడం లాభం కాబట్టి.

ఇప్పుడు మా నాన్న గురించి చెప్పాలి. సంబంధం ఏంటా అనుకోకండి, ఉంది.

మా నాన్న భీమిలి తాలూకా ఆఫీసులో, తర్వాత 1985లో మండలాలు వచ్చాక మండలాఫీసులో గుమాస్తా. ఆయనకున్న పనుల్లో ఒకటి వాన కొలవడం. ఆఫీసు ఆవరణలో వర్షమాపకం ఉండేది. దేశమంతా ఒకటే టైము, ఉదయం ఎనిమిదిన్నర. కొలగ్లాసులో నీళ్ళు పోసి, మిల్లీమీటర్లు చూసి రిజిస్టర్‌లో రాసేవారు. సెలవుల్లో నేనూ వెనకాల వెళ్ళేవాణ్ణి. వాన పడకపోతే 0.0 అని రాసేవారు. తుంపర పడి కొలతకందకపోతే, అంటే 0.1 కూడా లేకపోతే, దానికి వేరే గుర్తు. ఒకసారి జ్వరమొచ్చి రెండు రోజులు వెళ్ళలేదు, ఆయన బదులు ఎవరూ చూడలేదు. తిరిగొచ్చాక ఆ రెండు గళ్ళలో 'చూడలేదు' అని రాశారు. పై అధికారి కేకలేశాడు. ఎండాకాలమే కదా, సున్నా పెట్టేస్తే పోయేది కదా అని. నాన్న చేతులు కట్టుకుని "వాన పడనేదని రాస్తే అబద్ధమైపోద్దండి. చూడనేదని రాస్తే నాకు తిట్లు పడతాయి, అంతే కదండి" అన్నారు. అప్పుడు నాకు మా నాన్న మీద జాలేసింది, ఇంత చిన్నదానికి తిట్లు తినడమేంటని. అంత చిన్నదానికే నేను నోరు మూసుకుని కూర్చున్నాక గానీ ఆయనేం చేశారో అర్థం కాలేదు. అదీ వెంటనే కాదు, 2014లో.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్. విశాఖ దగ్గర తీరం దాటింది. నేను హైదరాబాదులో టీవీ ముందు. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, బీచ్ రోడ్డంతా చెట్లు. అమ్మానాన్నా భీమిలిలో, సముద్రానికి అరకిలోమీటరు దూరంలో. ఫోను చేస్తే పలకదు. ఎవరికి చేసినా పలకదు, టవర్లన్నీ పోయాయి. కైలాసగిరి మీదున్న వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ కూడా ఆ తుఫానులో దెబ్బతింది. గమనించండి, కొలవాల్సిన సాధనం కొలవాల్సిన సమయానికే మూగబోయింది. అది యాదృచ్ఛికం కాదు. ఏ గాలిని కొలవాలో ఆ గాలే దాన్ని పడగొడుతుంది. నా లెవెల్ షిఫ్టర్‌లోనూ అంతే. కొలత రాకపోవడానికీ, పరిస్థితి బాగా చెడిపోవడానికీ కారణం ఒకటే.

మూడు రోజులు ఏ కబురూ లేదు. ఆఫీసులో ఒకాయన "ఏ వార్తా లేదంటే అంతా బాగానే ఉన్నట్టు లెండి" అని ఓదార్చబోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వార్త లేకపోతే బాగున్నట్టా? ఆ మాట లోపల తిరిగి తిరిగి చివరికి నా దగ్గరే ఆగింది. 'మిగతావన్నీ పచ్చగానే ఉన్నాయిగా' అన్నవాణ్ణి నేనే కదా.

నాలుగో రోజు ఎవరిదో ఫోను తీసుకుని నాన్న మాట్లాడారు. ఇద్దరూ క్షేమం, రేకులు పోయాయి, కొబ్బరి చెట్టు గోడ మీద పడింది. దసరాకి పెట్టిన సెలవులు అయిపోయినా బస్సెక్కేశాను. అప్పటికి ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది, కానీ అలవాటు పోక పెరట్లో సొంతంగా ఒక కొలత డబ్బా పెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకునేవారు. తడిసి ఆరిన ఆ నోట్‌బుక్ తీసి చూశాను. 12వ తేదీ దగ్గర మిల్లీమీటర్ల గడిలో 'కొలవలేకపోయాను. డబ్బా ఎగిరిపోయింది. వాన చాలా ఎక్కువ' అని ఉంది. నెలాఖరులో ఫోను చేసినప్పుడు ఆ నెల మొత్తం ఎంతొచ్చింది నాన్నా అని అడిగితే, ఒక అంకె చెప్పి "ఇందులో 12వ తేదీ లేదు, అది కూడా రాసేను పక్కన" అన్నారు.

నేను కంప్యూటర్ సైన్సు పుస్తకాల్లో చదవని స్పెసిఫికేషన్ అది. లేనిదాన్ని లేనట్టు రాయాలి. ఎందుకు లేదో రాయాలి. మొత్తం వేసినప్పుడు ఏది కలవలేదో ఆ మొత్తం పక్కనే రాయాలి. అయిదో తరగతి లెక్కల పుస్తకం చాలు దీనికి, పెర్లూ పైథానూ ఏమీ అక్కర్లేదు.

ఆ వారంలోనే ఆ అమ్మాయి నంబరు సంపాదించి ఫోను చేశాను. అప్పటికి బెంగుళూరులో వేరే కంపెనీలో చేస్తోంది, మంచి పొజిషనే. జరిగింది మొత్తం చెప్పాను, స్క్రిప్టు, దిద్దిన రాత్రి, 'చిన్న సవరణ' కామెంటుతో సహా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అప్పుడే చెప్పుంటే బాగుండేది అన్నయ్యా" అంది. ఆ మాటలో కోపం లేదు, క్షమించానన్నదీ లేదు. ఆ తర్వాత వాళ్ళ పాప స్కూలు గురించి, విజయనగరంలో కరెంటు ఎన్నాళ్ళకొచ్చిందో దాని గురించి మాట్లాడుకున్నాం. పాత కంపెనీ మేనేజరుకి కూడా ఒక మెయిలు రాశాను. జవాబు రాలేదు. జవాబు రాకపోవడాన్ని ఏమని లెక్కవేయాలో నాకిప్పుడు తెలుసు కాబట్టి ఏమీ లెక్కవేయలేదు.

ఇదేదో మా చిప్పుల వాళ్ళ గొడవ అనుకోకండి. మీరు వాడే స్ప్రెడ్‌షీట్‌లో గరిష్ఠం అడిగి చూడండి, అక్షరాలున్న గడుల్ని, ఖాళీ గడుల్ని చప్పుడు చేయకుండా దాటేస్తుంది. పైథాన్‌లో పాండాస్ వాడేవాళ్ళుంటారు, అందులోనూ మనం వద్దని చెప్పకపోతే లేని విలువల్ని వదిలేసే గరిష్ఠం ఇస్తుంది. వాటి తప్పు కాదు, అలా చేస్తామని చెప్పే చేస్తున్నాయి. కానీ అడిగేవాడికి ఆ ఎరుక ఉండాలి. ఇంతకన్నా పెద్ద పెద్దవాళ్ళకీ జరిగింది. అంటార్కిటికా మీద ఓజోన్ పల్చబడిందని 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు నేల మీద పెట్టిన పాత పరికరం కొలతలతో నేచర్ పత్రికలో ముందుగా ప్రకటించారు. నాసా ఉపగ్రహం కూడా అదే చూస్తోంది. అయితే 180 డాబ్సన్ యూనిట్ల కన్నా తక్కువ వచ్చినవాటిని అనుమానాస్పదం అని పక్కన పెట్టమని దాని సాఫ్ట్‌వేర్‌కి చెప్పి ఉంది. పారేయలేదు, గుర్తు పెట్టి దాచింది. అందుకే తర్వాత వెనక్కి వెళ్ళి చూస్తే రంధ్రం మొత్తం అందులో కనిపించింది. నా లాగుడు ఆ మాత్రం కూడా చేయలేదు.

మా కుర్రాడి స్క్రిప్టు ఇద్దరం కలిసి మళ్ళీ రాశాం. మీరూ ఏదో ఒక లాగు చదివే పనిముట్టు రాస్తారు కాబట్టి ఏం మార్చామో చెప్తాను.

అన్నిటికన్నా ముందు, ఎన్ని ఫలితాలు రావాలో లాగుల్ని అడగకూడదు. వచ్చినవాళ్ళని లెక్కపెట్టి పిలిచినవాళ్ళు ఇంతే అనుకుంటే ఎలా? పెళ్ళికి పిలుపుల జాబితా వేరే ఉంటుంది కదా. కార్నర్ల జాబితా రన్నులు వేసే ముందే ఒక ఫైలులో రాసి, దాని ప్రకారం నలభై అయిదు ఖాళీ వరసలు ముందే గీసి, తర్వాత నింపుతూ పోవాలి. నిండనిది ఖాళీగా కనిపిస్తుంది. కనిపించాలి.

రెండోది, గడిలో నంబరు గానీ, కారణం గానీ ఉండాలి. కారణాలు కూడా ఒకటి కాదు. రన్ను మొదలే కాలేదు, లైసెన్సు దొరకలేదు. మొదలైంది గానీ లెక్క తేలక మధ్యలో ఆగిపోయింది, టైం స్టెప్ మరీ చిన్నదైపోయిందని లాగులో ఉంటుంది. పూర్తయింది గానీ కొలత దొరకలేదు. ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులు, ఒకే మందు పనిచేయదు. ఎన్‌జీస్పైస్ అయితే అడిగిన సంఘటన వ్యవధిలో లేదని లాగులో చెప్తుంది, చదివే ఓపిక మనకుండాలి.

మూడోది, యూనిట్లు. స్పైస్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు. ఎం అంటే మిల్లీయే, ఎలా రాసినా. మెగా కావాలంటే 'మెగ్' అని రాయాలి. ఒక కెపాసిటర్ 1ఎఫ్ అని రాసి ఒక ఫారడ్ అనుకుంటారు కొత్తవాళ్ళు, స్పైస్ దాన్ని ఫెమ్టో అని చదువుతుంది. స్క్రిప్టు కూడా స్పైస్ చదివినట్టే చదవాలి, మనం అనుకున్నట్టు కాదు.

చివరిది, టేబుల్లో మొదటి వరసల్లోనే రానివి పెట్టాలి, గరిష్ఠం పక్కన 'ఇన్నింటిలో ఇన్ని' అని ఉండాలి. ఒక్కటి తక్కువైనా పచ్చ రంగు వేయకూడదు. అంతే. నా పాత అవార్డు స్క్రిప్టులో రంగుల కోడే రెండొందల లైన్లుండేది. ఇది నాలుగు లైన్లు.

ఇంతకీ ఆ రెండు వరసలూ ఏమయ్యాయంటారా? కొత్త స్క్రిప్టు నడిపితే రెండూ నెమ్మది ట్రాన్సిస్టర్లు, తక్కువ వోల్టేజీ ఉన్న కార్నర్లవి. కొలత వ్యవధిలో దొరకలేదు అని వచ్చింది. తరంగం గీసి చూశాం. రింగ్ ఆసిలేటర్‌ని సిమ్యులేటర్లో ఏ కుదుపూ లేకుండా వదిలేస్తే మధ్య వోల్టేజీ దగ్గర కదలకుండా కూర్చుంటుంది, లెక్కల్లో వచ్చే చిన్న చిన్న తేడాలతో మెల్లగా ఊగడం మొదలుపెడుతుంది. ఈ రెండింటిలో అది లేచేసరికి వీడు పెట్టిన టైము అయిపోయింది. మొదట్లో ఒక నోడుకి ప్రారంభ వోల్టేజీ ఇచ్చి, టైము పెంచి నడిపితే రెండూ వచ్చేశాయి. ఈసారి తప్పు సర్క్యూట్‌ది కాదు, కొలిచే పద్ధతిది. కానీ ఆ సంగతి చూశాకే తెలిసింది. చూడకుండా 'ఒగ్గేస్తే' వాడి ప్రాజెక్టుకి ఏ నష్టమూ ఉండేది కాదు, నిజమే. అలవాటు మాత్రం ఉండిపోయేది. నాకు ఉండిపోయినట్టు.

ఇదంతా జరుగుతుంటే మా నాన్న వరండాలో పడక్కుర్చీలో కూర్చుని వింటున్నారు. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి, చెవులు కొంచెం మందం. "ఏటంటాడురా ఆ గుంటడు?" అని అడిగారు. రెండు కొలతలు రాలేదట నాన్నా, ఏం చెయ్యాలని అడుగుతున్నాడు అన్నాను. "రానేదని రాయమను" అన్నారు, అంతే, మళ్ళీ పేపరు చూసుకున్నారు.

కుర్రాడికి హుద్‌హుద్ నాటి నోట్‌బుక్ తీసి చూపించాను. ఫోనులో ఫోటో తీసుకున్నాడు. ప్రాజెక్టు రిపోర్టులో పెడతాడట. వాళ్ళ గైడు ఏమంటాడో చూడాలి.